నాలుగు మూలలా పసుపు, నడుమ చేతిరాత

పామూరు బస్టాండులో బస్సు కోసం నిలబడినప్పుడు ఫోను కాసేపు జేబులో పెట్టి బోర్డులు చూడండి. కనిగిరి. మొదటి అక్షరానికి తలకట్టు, మిగతా మూడింటికీ నెత్తిన గుడి. ఆ మూడు గుడులూ ఒకే ఎత్తున, ఒకే గుండ్రంతో పడ్డాయా, ముగ్గురు పెద్దమనుషులు తలపాగాలు చుట్టుకుని అరుగు మీద కూర్చున్నట్టే ఉంటుంది. కంభం అంటే రెండక్షరాలు, రెండు సున్నలు. సున్నలు చిన్నవైతే మాట బక్కచిక్కిపోతుంది, పెద్దవైతే బండి చక్రాలైపోతాయి. గిద్దలూరులో ద కింద ఇంకో ద వేలాడుతుంది. చంద్రశేఖరపురం రాసేవాడికి పేరు పూర్తి కాకముందే బోర్డు అయిపోతుంది. మరి పామూరు? వత్తు లేదు, గుడి లేదు. ఒక దీర్ఘం, ఒక కొమ్ముదీర్ఘం, ఒక కొమ్ము. మూడూ కుడివైపుకే సాగుతాయి. పేరులోనే పామున్న ఊరు కదా, అక్షరాలూ పాక్కుంటూనే పోతాయి.

ఇలా అక్షరాల వంక చూస్తూ నిలబడిపోయే పిచ్చి ఉన్నవాళ్ళకు ఇవాళ ఒక పని ఉంది. పట్నాల్లో దాన్ని క్యాలిగ్రఫీ అంటున్నారు, కస్టమ్ స్టేషనరీ అంటున్నారు. పెళ్ళికార్డు మీద వధూవరుల పేర్లు చేత్తో రాయడం, కవరు మీద ఎవరి పేరు వాళ్ళకు రాసివ్వడం, డాక్టరుగారికి లెటర్‌హెడ్, కొత్త హోటలుకు పేరు, గృహప్రవేశం నాటికి గుమ్మం పక్కన ఇంటి పేరు, ఓణీల వేడుకలో ఇచ్చే సంచీ మీద చిన్న చీటీ. ఇందులో చాలా భాగం ఇంగ్లిష్ అక్షరాలతోనే నడుస్తోంది. పామూరు లాంటి ఊళ్ళో కూర్చుని ఈ పని మీద బతకదలచినవాళ్ళు మాత్రం తెలుగు అక్షరాన్నే పట్టుకోవాలని నా వాదన. ఇంగ్లిష్‌లో ‘వెడ్స్’ అని ఒంపులు తిప్పేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. ‘జ్యోత్స్న’ అని ఒంపుగా రాయమనండి, ఎంతమంది నిలబడతారో చూద్దాం.

ఆ పేరు ఒక పరీక్ష. జ కింద య, ఆపైన ఓత్వం. త కింద స, ఆ స పక్కనో కిందో న. నేల కిందికి రెండంతస్తులు దిగిన ఇల్లది. లక్ష్మి కూడా అంతే, రోజూ చూస్తున్నాం కాబట్టి కష్టం తెలియదు. ఇంగ్లిష్ కార్డు కోసం కట్టిన మూసలో తెలుగు పోసినప్పుడు ఇక్కడే తేలిపోతుంది. పై వరస వత్తులు కింది వరస గుళ్ళను గుద్దుతాయి, లేదా డీటీపీ ఆపరేటరు అక్షరాల సైజు తగ్గించేస్తాడు, ముసలివాళ్ళు కార్డును కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చదువుకోవాల్సి వస్తుంది. తెలుగు వరసకు పైన చోటు కావాలి, కింద ఇంకా ఎక్కువ కావాలి. ఈ సంగతి తెలిసిన మనిషికి సగం పని వచ్చినట్టే.

పలక మీద దిద్దిన చెయ్యి

అక్షరంతో ఈ ప్రాంతానికున్న చుట్టరికం చిన్నదేం కాదు. మార్కాపురం పలక పేరు వినని తెలుగు బడి ఒకప్పుడు లేదు. ఆ నల్లరాయి పొరలుపొరలుగా పుడుతుంది. ఆ రాతిపొరలను భూగర్భ శాస్త్రం కంభం పేరుతోనే పిలుస్తుంది. ఉలి సందున పెట్టి కొడితే రేకులా విడివడుతుంది. దాన్ని నున్నగా చేసి, చుట్టూ చెక్క బిగిస్తే పలక. తరాల పిల్లలు ఓనమాలు దిద్దింది దాని మీదే. తర్వాత ప్లాస్టిక్ పలక వచ్చింది, నోటుబుక్కు వచ్చింది. ఇప్పుడు అదే రాయి గోడలకూ నేలకూ పరిచే బండలై విదేశాలకు పోతోంది.

దిద్దడం అనే మాట దగ్గర కాస్త ఆగాలి. పంతులుగారు పలక మీద పెద్దగా ‘అ’ రాసి ఇస్తే దాని మీదే బలపంతో మళ్ళీ మళ్ళీ తిప్పాలి. గీత లావెక్కి, అక్షరం తెల్లటి ముద్ద అయ్యేదాకా. చూసి రాయడం ఆ తర్వాత. ముందు చేతికి దారి తెలియాలి. ఇవాళ క్యాలిగ్రఫీ వర్క్‌షాపుల్లో పల్చటి కాగితం పరిచి, కింది అక్షరం మీద గీయమని వేలకు వేలు తీసుకుని నేర్పేది అదే విద్య. మనవాళ్ళు దాన్ని పలకతోపాటే అటక మీద పెట్టేశారు.

నేర్చుకోవడానికి గురువు లేడనడం కూడా సాకే. ఆధునిక ఇంగ్లిష్ క్యాలిగ్రఫీకి మూలపురుషుడనదగ్గ ఎడ్వర్డ్ జాన్‌స్టన్ వైద్యవిద్య వదిలేసిన మనిషి. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో పాత రాతప్రతుల ముందు కూర్చుని, కలం ఏ వాలులో పట్టుకుంటే ఆ గీత వచ్చిందో తనకు తానే కనిపెట్టుకున్నాడు. 1899లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు, 1906లో రాత మీద పుస్తకం వేశాడు. లండన్ భూగర్భ రైలు కోసం 1916లో ఆయన గీసిచ్చిన అక్షరాల వారసులే ఇప్పటికీ అక్కడి స్టేషన్లలో ఉన్నాయి.

ఆయన పుస్తకానికి సరిగ్గా ఏడాది ముందు, 1905లో, మద్రాసులో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చువేశారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కనిగిరి తాలూకా నెల్లూరులోనిదే, అందుకే ఈ పక్క ఊళ్ళ రాళ్ళ మీది రాతలూ ఆ సంపుటాల్లో చేరాయి. మన మ్యూజియం గుళ్ళ గోడల మీద, చెరువు గట్ల మీద, పొలాల్లో నిలబడి ఉంది. ఆ రాళ్ళను చదవలేకపోయినా ఫరవాలేదు. తలకట్టు ఇంకా చిన్న అడ్డగీతగానే ఉన్నదెక్కడ, నేటి టిక్కు గుర్తులా పైకి లేచిందెక్కడ అని చూస్తే చాలు, అక్షరం ఎటు నడిచిందో తెలుస్తుంది.

శాసనాలు రాసినవాళ్ళకు పేరుండేదా అంటే, కొందరికి ఉండేది. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల చేతిలోంచి గెలుచుకున్న ఉదయగిరి దుర్గం పామూరుకు దక్షిణంగా ఎంతో దూరంలో లేదు. ఆ రాయలవారి రాగి శాసనాల చివర శ్లోకాలు కట్టింది సభాపతి అనీ, చెక్కింది మల్లన కొడుకు వీరణాచార్యుడనీ కనిపిస్తుంది. రాజు పేరున్న రేకు మీదే చెక్కినవాడి పేరు, పక్కన తండ్రి పేరుతో సహా! ఇవాళ పెళ్ళికార్డు అడుగున ప్రెస్సు ఫోను నంబరుంటుంది గానీ, రాసిన చెయ్యి ఎవరిదో ఉండదు.

మన రాజ్యాంగం ఇంగ్లిష్ మూలప్రతి అచ్చు అక్షరాల్లో లేదు. ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా అనే ఢిల్లీ లేఖకుడు దాన్ని ఆసాంతం చేత్తో రాశాడు. ఆయన ఆ పనికి డబ్బు వద్దన్నాడనీ, ప్రతి పుట మీద తన పేరు, చివరి పుట మీద తాత పేరు ఉంటే చాలన్నాడనీ చెబుతారు. గొప్ప సంగతే. కాకపోతే ఈ పని మీద బతుకుదామనుకుంటున్న పిల్లలకు ఇలాంటి కథలు ఎక్కువ చెప్పకూడదు. పేరూ అడగాలి, డబ్బూ అడగాలి.

బాపు చెయ్యి, బాపు ఫాంటు

తెలుగులో చేతిరాతకు సొంత ఆస్తి విలువ తెచ్చిన మనిషి బాపు. 1933లో నరసాపురంలో పుట్టి, మద్రాసులో లా చదివి, 1955లో ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా చేరిన సత్తిరాజు లక్ష్మీనారాయణ. కథకు బొమ్మ వేస్తే కథ పేరు కూడా ఆయనే రాసేవాడు, అంతే. దెయ్యం కథకు ఒక రాత, ప్రేమకథకు ఒక రాత. బుడుగు బొమ్మల పక్కన అక్షరాలు బుడుగే రాసినట్టు వంకర్లు పోతాయి. అలా వారం వారం, ఏళ్ళ తరబడి రాయగా రాయగా వచ్చినదే ఆ కుడివైపు వాలు, ఆ లావు సన్నాల జారుడు. 2014లో ఆయన పోయారు. రాత మాత్రం ఫాంటై ఊరూరా మిగిలింది. పెళ్ళికార్డు మీద, పచ్చళ్ళ సీసా మీద, టిఫిన్ సెంటరు బోర్డు మీద.

ఫాంటుకూ చేతికీ తేడా కనిపెట్టడానికి ఒక చిట్కా ఉంది. ఒకే వరసలో ‘ల’ రెండుసార్లు ఎక్కడొచ్చిందో వెతకండి. బాపు చేత్తో రాసిన చోట రెండో ‘ల’ మొదటిదాన్ని చూసి కాస్త జరుగుతుంది, పక్కన కొమ్ముంటే దానికి దారిస్తుంది. ఫాంటులో రెండూ కవల పిల్లలు. మనం డబ్బు తీసుకునేది ఆ జరగడానికే.

ఫాంట్లు వద్దని కాదు. సిలికానాంధ్ర సంస్థ పూనికతో పురుషోత్ కుమార్ గుత్తుల లాంటివారు రూపొందించిన రామభద్ర, మల్లన్న, సూరన్న, ధూర్జటి, గిడుగు, గురజాడ లాంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. అంతకు ముందు డీటీపీ షాపుల్లో ఎక్కువగా అను ఫాంట్లే నడిచేవి. కార్డులో ఊళ్ళూ వేళలూ ఫోను నంబర్లూ ఈ ఫాంట్లతో కానివ్వచ్చు. పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురు పేరు, పైన ‘శ్రీ’ చేత్తో రాయాలి. చేతిరాతంతా ఒక కొలిక్కి వచ్చాక సొంతంగా ఫాంటు కూడా కట్టుకోవచ్చు. కాకపోతే ఇంగ్లిష్‌లా పెద్దవి ఇరవయ్యారు, చిన్నవి ఇరవయ్యారుతో తేలదు. గుణింతాలూ వత్తులూ కలిసి వందల ఆకారాలు గీయాలి. అది నెలల పని, తిండి పెట్టే పని ఇంకొకటి పక్కన ఉండాలి.

గోడల మీది గురువులు

నా దృష్టిలో మన చిన్న ఊళ్ళలో అసలైన క్యాలిగ్రాఫర్లు బోర్డులు రాసిన పెయింటర్లు. పేరు చివర ‘ఆర్ట్స్’ అని తగిలించుకుని, బజారులో ఒక గది అద్దెకు తీసుకుని, గుడి రథం నుంచి ఎరువుల దుకాణం దాకా రాసినవాళ్ళు. సుద్ద పూసిన దారం రెండు చివర్లా లాగిపట్టి గోడ మీద టప్పున వదిలితే గీత. మాట మధ్య అక్షరం ఏదో లెక్కేసి అక్కణ్ణుంచి అటూ ఇటూ సర్దడం. ఎండలో నిచ్చెన మీద నిలబడి ‘ర’కు ఒక్క విసురులో సున్న చుట్టడం. ఫ్లెక్సీ వచ్చి వాళ్ళ కుంచెలు ఎండబెట్టింది. 2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తామని ప్రకటించింది. ఆ మాట ఎంతవరకు నిలిచిందో మీ ఊరి కూడలికి వెళ్ళి చూసుకోండి.

హైదరాబాద్ ఛత్తాబజార్‌దీ ఇదే కథ. పెళ్ళికార్డులకు పేరుపడ్డ ఆ వీధిలో ఉర్దూ రాసే కాతిబులు కూర్చునేవారు. ఉర్దూ సాఫ్ట్‌వేర్ వచ్చాక చాలామందికి పని పోయింది. మరోపక్క చెన్నైలో 1927లో పుట్టిన ‘ది ముసల్మాన్’ అనే ఉర్దూ పత్రిక రోజూ కాతిబుల చేతిరాతతోనే వెలువడుతూ ప్రపంచం నోట్లో పడింది. అందరూ వదిలేసినదాన్ని పట్టుకున్నవాడికే ఒక్కోసారి గిరాకీ. ఉదయగిరి చెక్క చెంచాలు చూడండి. స్టీలు గరిటెల కాలంలో కూడా నర్ది, కలివి కర్రలతో చెక్కుతూనే ఉన్నారు, భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్నారు.

కాబట్టి నేర్చుకునేవాళ్ళు యూట్యూబ్ చూసే ముందు ఊళ్ళో ఇంకా కుంచె వదలని పెయింటరన్న ఎవరున్నారో వెతకాలి. ట్రాక్టర్ తొట్టి వెనక పేర్లు రాసేవాళ్ళు కచ్చితంగా ఉంటారు. రెండు టీలు, ఒక మధ్యాహ్నం ఖర్చు పెడితే చాలు, ‘వు’ ఎక్కడ ‘మ’ అయిపోతుందో, కొమ్ము ఎటు లాగితే కాదో చూపిస్తారు.

మూఢంలో ఏం తింటారు?

ఇప్పుడు లెక్కలు. ‘ఏమ్మా, నాలుగక్షరాలకు ఐదొందలా?’ అని అడగని ఖాతాదారు ఉండడు. దానికి కోపగించుకోకూడదు, తక్కువకూ ఒప్పుకోకూడదు. ఉదాహరణకు పెళ్ళివారు మూడొందల కవర్ల మీద పేర్లు చేత్తో రాయమన్నారనుకుందాం. పేరు, ఊరు కలిపి కవరుకు నాలుగు నిమిషాలు. మొత్తం 1,200 నిమిషాలు, అంటే ఇరవై గంటలు. చెయ్యి రోజుకు మూడు గంటలకు మించి ఒకే తీరుగా ఆడదు, కాబట్టి వారం. పాడయ్యేవాటికి ముప్ఫై కవర్లు అదనం. కవరుకు పది రూపాయలంటే మూడు వేలు. సిరా, వచ్చిపోయిన ఫోన్లు, ‘ఆ పేరు మార్చండి’ అనే రాత్రి పదిగంటల మెసేజ్‌లు తీసేస్తే కూలి కూడా గిట్టదు.

అదే మూడు వేలు, కార్డు ముఖం మీది పేర్లు ఒక్కసారి బాగా రాసిస్తే రావచ్చు. రాసినదాన్ని 600 డీపీఐలో స్కాన్ చేసి, గీతలుగా మార్చి, ప్రెస్సుకు పంపితే వాళ్ళు ఐదొందల కార్డులు కొట్టుకుంటారు. ఇష్టమైతే బంగారు రంగు ఫాయిల్ అచ్చు వేయించుకుంటారు. కవర్ల మీద చేతిరాత వియ్యాలవారికి, ముఖ్యమైన పెద్దలకు, ఓ యాభైకి చాలు. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపాలి. లేకపోతే మీ సన్నగీతలన్నీ అరిగిపోయి చేరతాయి.

ఈ పనికి ఏడాది పొడవునా గిరాకీ ఉండదు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం వస్తే నిద్ర ఉండదు. ఆషాఢంలో, పుష్యంలో ఫోను మోగదు. మధ్యలో గురు మూఢమో శుక్ర మూఢమో వచ్చిందా, నెలల తరబడి ముహూర్తాలే ఉండవు. కొత్త సంవత్సరం పంచాంగం రాగానే ముందుగా కొనాల్సింది పంతుళ్ళు కాదు, ఈ పని చేసేవాళ్ళు. ముహూర్తాల్లేని రోజులకు దుకాణాల పేర్లు, ఇంటి పేరు పలకలు, పుస్తకాల అట్టలు, వేసవిలో పిల్లలకు చేతిరాత క్లాసులు పెట్టుకోవాలి. ఇంటి పేరు పలకకు మార్కాపురం రాయి కంటే మంచిదేముంది? నలుపు మీద తెలుపు, తిరిగి అదే పలక.

ఇక్కడివాళ్ళు బెంగళూరు, హైదరాబాదుల్లోనే కాదు, అమెరికాలోనూ ఉన్నారు. అక్కడి తెలుగిళ్ళ నుంచి వచ్చే ఆర్డరులో పేరు ఇంగ్లిష్‌లో ఉంటుంది. ‘ఎస్’ అక్షరం చూసి స, శ, ష లలో ఏది రాయాలో అడిగి తీరాలి. తల్లికి తెలియకపోతే అమ్మమ్మకు ఫోను కలపమనాలి. పేరుకు తెలుగు రూపం ఖాయం చేయడం కూడా మన బిల్లులో ఒక పద్దే.

ప్రూఫు మాట చెప్పకుండా ముందుకు పోలేను. మా ఇంట్లో ఒక పెళ్ళికి వేయించిన కార్డులో మా పెదనాన్న పేరు ముందు ‘కీ॥శే॥’ పడింది. ఆయన ఉన్నారు, నిక్షేపంగా ఉన్నారు, పైగా కార్డులు పంచే బాధ్యత ఆయనదే. వెళ్ళిన ప్రతి ఇంట్లో ‘స్వర్గం నుంచి స్వయంగా వచ్చా, తప్పక రండి’ అని కార్డు చేతిలో పెట్టారు. ఆయన నవ్వారు గానీ అందరూ నవ్వరు. ఆహ్వానించువారి వరసలో ఎవరి పేరు తర్వాత ఎవరిది, ఏ బాబాయి పేరు రెండో వరసకు పోయింది అనేదాని మీద మాటలాగిపోయిన అన్నదమ్ములున్నారు. అందుకే ప్రూఫు మీద ఇంటి పెద్ద సంతకం తీసుకున్నాకే సిరా ముట్టాలి. సగం డబ్బు కూడా అప్పుడే.

కాగితాల పని ఎక్కువ లేదు. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా సాధారణంగా జీఎస్టీ బెడద ఉండదు. దాటితే సంతోషమే.

కలం, సిరా, కాగితం

ఇంగ్లిష్ కోసం చేసిన చదునుపాళీ తెలుగుకు సగమే లొంగుతుంది. తలకట్టు బాగా పడుతుంది, సున్న చుట్టేటప్పుడు ఎక్కడ లావు రావాలో దానికి తెలియదు. తాటాకు మీద ఘంటంతో రాసినవాళ్ళకు ఈ సమస్యే లేదు. ఘంటం గీతంతా ఒకే సన్నం, కుడిచెయ్యి గీరుతుంటే ఎడమచెయ్యి ఆకును కదుపుతుంది, తర్వాత మసి పూస్తే అక్షరం లేస్తుంది. అడ్డగీతలకు ఆకు చీరుతుందనే మన అక్షరాలు గుండ్రబడ్డాయంటారు. అదొక్కటే కారణమనలేం గానీ, రాసి చూస్తే నమ్మబుద్ధవుతుంది.

నాకు ఎక్కువ నచ్చేది శ్రీకాళహస్తి కలంకారీ వాళ్ళ కలం. వెదురుపుల్ల కొన చెక్కి, పైన ఉన్ని చుడతారు. వేళ్ళతో నొక్కిన కొద్దీ రంగు దిగుతుంది. ఇనప తుక్కు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి పులియబెట్టిన కసిమితో నలుపు గీస్తారు. రామాయణం గుడ్డల మీద బొమ్మల వరసల నడుమ సన్నటి పట్టీల్లో తెలుగు రాతలుంటాయి, అవి ఆ కలంతో రాసినవే. నడికుడి–శ్రీకాళహస్తి రైలు కనిగిరి, పామూరు మీదుగానే పోవాలి. అది నడిచిన రోజున పొద్దున బయల్దేరి వెళ్ళి చూసి రావచ్చు. ఫౌంటెన్ పెన్ను కావాలంటే రాజమండ్రి రత్నం పెన్నులున్నాయి. స్వదేశీ వస్తువు చేయమన్న గాంధీగారికి నచ్చి, 1935లో ఆయన చేత ఉత్తరం రాయించుకున్న పెన్నులు.

కాగితం కొనేటప్పుడు గ్రాముల బరువు ఒక్కటే చూసి మోసపోకండి. 300 జీఎస్ఎం అట్ట కూడా పైన మెరుగు ఉంటే సిరాను తిప్పికొడుతుంది, చేతితయారీ కాగితంలో జిగురు తక్కువైతే అక్షరం చుట్టూ గడ్డం మొలుస్తుంది. మూల మీద ఒక నీటిచుక్క వేసి పది లెక్కపెట్టండి. ఇంకకూడదు, జారిపోకూడదు, బొట్టులా నిలబడాలి.

ఇంకొక పరీక్ష కొట్లో చేయలేం, ఇంటికొచ్చాక చేయాలి. ఎంత ఖరీదైన కార్డైనా పంచేముందు ఆ ఇంటి పెద్దావిడ దగ్గరికి పోతుంది. ఆవిడ చాప పరుచుకుని కూర్చుంటుంది, పక్కన గిన్నెలో తడి పసుపు, మూడొందల కార్డులు. ప్రతిదాని నాలుగు మూలలా వేలితో అద్దుతుంది. మీ సిరా నీటి సిరా అయితే, అక్షరం మూల దాకా పాకితే, వధువు పేరులో చివరి కొమ్ము పసుపులో కలిసి ఆకుపచ్చగా పారుతుంది. అందుకని ముందే ఒక కార్డు మీద పసుపు అద్ది, రాత్రంతా ఆరబెట్టి, పొద్దున చూడండి. ఆరాక చెదరని సిరా వాడండి. నాలుగు మూలలా బొటనవేలంత చోటు ఆవిడకు వదిలి, మిగతా నడుమ మీరు రాసుకోండి.